నల్ల కంబళి ముందు కూర్చున్నవాళ్లు

మూఢం వచ్చిందంటే మా స్టూడియోలో పని సగానికి పడిపోతుంది. పెళ్లిళ్లు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు. పాస్‌పోర్ట్ సైజు ఫోటోల కోసం వచ్చే విద్యార్థులు, పింఛను కాగితాలకు ఫోటో కావాలని వచ్చే పెద్దవాళ్లు తప్ప గడప తొక్కేవారు కనబడరు. ఆషాఢమూ అంతే. తోటి ఫోటోగ్రాఫర్లకు ఈ రోజులు దిగులు. నేను మాత్రం ఏడాది పొడవునా వీటి కోసమే ఎదురుచూస్తాను. స్టూడియో తాళాలు మా తమ్ముడి చేతికిచ్చి, నల్ల కంబళి ఒకటి చుట్టి స్కూటర్ వెనక కట్టుకుని, కాళ్ల దగ్గర తెల్లటి థర్మాకోల్ అట్ట పెట్టుకుని తెల్లవారకముందే బయలుదేరతాను. దూరమైతే బస్సు.

ఆరేళ్లుగా నేను నా కోసం తీసుకుంటున్నవి ఒకే రకం ఫోటోలు. పదిమందీ వదిలేసిన పనిని ఇంకా చేస్తున్నవాళ్లవి, ఎవరూ అడగకపోయినా ఏదో ఒకదాన్ని ప్రాణంగా పట్టుకున్నవాళ్లవి. ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ఇప్పటికి నలభై ముగ్గురిని తీశాను. వాళ్లలో కొందరి గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ మూఢంలో వానల వల్ల రెండు ప్రయాణాలు ఆగిపోయాయి కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ముందు మా నాయన గురించి చెప్పాలి. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఆయన స్టూడియో పెట్టినప్పుడు అంతా ఫిల్ము కాలం. లోపలి గదిలో గోడకు రంగులు వేసిన తెర ఉండేది. దాని మీద పాలరాతి మెట్లు, పూలకుండీలు, దూరంగా ఒక చెరువు. రాత్రిళ్లు నెగటివ్‌ను అద్దం బల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో కళ్ల కింది నీడలను సరిచేసేవాడు. నేను పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుని చూసేదాన్ని. ముఖం గురించి ఆయన నాకు చెప్పింది తక్కువ. ఎప్పుడూ చేతుల గురించే చెప్పేవాడు. "చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంతసేపూ మనిషి ముఖం కుదుటపడదు" అనేవాడు. అందుకే స్టూడియోలో తీగ లేని టెలిఫోన్ రిసీవరు ఒకటి, లావుపాటి పుస్తకం ఒకటి, ప్లాస్టిక్ పూల కుండీ ఒకటి ఉండేవి. పల్లె నుంచి వచ్చిన కొత్త దంపతులకు ఏదో ఒకటి అందించేవాడు. చేతికి ఆసరా దొరకగానే భుజాలు దిగేవి, దవడ వదులయ్యేది, అప్పుడు నొక్కేవాడు.

ఆ మాట నాకు నిజంగా అర్థమైంది కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో, కంబళ్లు నేసే మామ దగ్గర. నేను తీసిన మొదటి మనిషి ఆయనే. గుంటమగ్గంలో కూర్చుని ఉన్నారు. నేను వెళ్లి నమస్కారం పెట్టి, ఫోటో తీస్తానని చెప్పి, "ఇటు చూడండి, కొంచెం నవ్వండి" అన్నాను. మనిషి ఒక్కసారిగా కర్రలా బిగుసుకుపోయారు. ఆధార్ కార్డు ఫోటోలో మనందరి ముఖం ఎలా ఉంటుందో అలా. పది ఫోటోలు తీశాను, పదీ అంతే. చివరికి కెమెరా ఒళ్లో పెట్టుకుని, ఊరికే కూర్చోలేక, "మామా, మీ చేతిలో ఉన్నదాన్ని ఏమంటారు?" అని అడిగాను.

"నాడె" అన్నారు. మగ్గం మీద అడ్డపోగును అటూ ఇటూ దాటించే పనిముట్టు. అని, దాన్ని నా చేతిలో పెట్టారు. చింత చెక్కతో చేసిందట, వాళ్ల నాన్నదట, పట్టుకునేచోట వేళ్లకు సరిపోయేలా అరిగిపోయింది. లోపల కండె ఎలా కూర్చుంటుందో చూపించారు. పడుగుకు, అంటే నిలువు పోగులకు, చింతగింజల గంజి పూస్తారని, గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తారని, ఆ గంజి వల్లే ఉన్ని పోగు బిరుసెక్కి మగ్గానికి తట్టుకుంటుందని చెప్పారు. కంబళి నలుపు రంగు వేసింది కాదు, గొర్రె నలుపే అన్నారు. చెబుతున్నంతసేపూ ఆయన ముఖం వేరే మనిషి ముఖంలా ఉంది. పదకొండో ఫోటో అప్పుడు తీశాను. ఆ రోజు ఆయన దగ్గరే కొన్న కంబళి ఇప్పటికీ నా వెంట వస్తోంది.

ఆ రోజు నుంచి నేను ఎవరినీ నవ్వమని అడగలేదు. పనిముట్టు పేరు అడుగుతాను. పేరు అడిగితే దాని వెనక ఊరు వస్తుంది, తండ్రి వస్తాడు, నేర్పిన గురువు వస్తాడు, మొదటిసారి వేలు తెగిన రోజు వస్తుంది. ఫోటో కోసం వచ్చిన మనిషికి చూపించాల్సింది తన ముఖం కాదు, తనకు తెలిసిన సంగతి అని ఎదుటివారికి అర్థమవుతుంది. ముఖం దానంతటదే తెరుచుకుంటుంది. పేరు తెలుసుకోకుండా తీసిన ఫోటోలు నా దగ్గరా ఉన్నాయి. వెలుగు బాగానే ఉంది, ఫోకస్ బాగానే ఉంది, కానీ వాటిని ఎవరికీ చూపించను.

కంబళిని తెరగా వాడడం కూడా అక్కడే తట్టింది. అది వెలుగును పూర్తిగా తాగేస్తుంది. మెరుపు ఉండదు, ముడతలు కనబడవు, వెనకనున్న గోడ మీది ప్రకటనలు, నీళ్ల డ్రమ్ములు, ప్లాస్టిక్ కుర్చీలు అన్నీ పోయి మనిషి ఒక్కరే మిగులుతారు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక మాట. కెమెరాలోని లైట్‌మీటరు తన ఎదుట ఉన్నదంతా సగటున బూడిదరంగు అనుకుంటుంది, 18 శాతం వెలుగును తిప్పి పంపే బూడిదరంగు. నల్ల కంబళి కనబడగానే చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది, ముఖం పాలిపోతుంది. నేను ఒక స్టాప్, అంటే వెలుగును సగానికి, తగ్గించుకుంటాను, ఒక్కోసారి ఒకటిన్నర స్టాప్. మన ఎండకు మాగిన ముఖాలకు ఆ తగ్గింపు తప్పనిసరి. 50 ఎంఎం లెన్సు ఒక్కటే వాడతాను, ఎందుకంటే దానితో దూరంగా నిలబడి తీయడం కుదరదు. మనిషికి దగ్గరగా వెళ్లాలి, మాట్లాడాలి.

ఈ దారిలో నాకంటే ముందు నడిచినవాళ్లు ఉన్నారని తర్వాత తెలిసింది. ఒక శిక్షణ తరగతిలో అగస్ట్ సాండర్ చిత్రాలు చూపించారు. జర్మనీలో రైతులను, కూలీలను, వంటవాళ్లను, వకీళ్లను ఒకే శ్రద్ధతో తీసినవాడు. 1929లో 60 పోర్ట్రెయిట్లు అచ్చు వేస్తే, 1936లో నాజీలు ఆ అచ్చు పలకలను ధ్వంసం చేశారు. దేశమంటే తాము చెప్పే ఒకే రకం ముఖం అనుకున్నవాళ్లకు ఇన్ని రకాల ముఖాలు నచ్చలేదు. ఆయన తీసిన మిఠాయి వంటవాడి చిత్రం నా కళ్లలో నిలిచిపోయింది. తెల్లకోటు, గుండ్రటి తల, చేతిలో గరిటె, ముందు పెద్ద గిన్నె. రాజు సింహాసనం పక్కన నిలబడినట్టు నిలబడి ఉంటాడు. ఇంకొకరు అర్వింగ్ పెన్. 1950-51లో పారిస్, లండన్, న్యూయార్క్ నగరాల్లో చిన్న చిన్న పనులు చేసేవాళ్లను వాళ్ల పని బట్టల్లోనే, పనిముట్లతోనే స్టూడియోకు పిలిచి తీశాడు. పారిస్‌లో ఆయన వాడిన తెర ఒక పాత నాటకశాల తెర అని విన్నప్పుడు మా నాయన తెర గుర్తొచ్చింది. అయితే పెన్ వాళ్లను తన గదికి రప్పించుకున్నాడు. నేను కంబళి మోసుకుని వాళ్ల వాకిలికే వెళ్తాను. కొలిమిని, మగ్గాన్ని, చేనును స్టూడియోకు తేలేం కదా.

కొలిమి అంటే కడప చాచా గుర్తొస్తారు. పాతబస్తీలో ఒక సందు మలుపులో, వేపచెట్టు కింద కళాయి పోస్తారు. మా చిన్నప్పుడు "కళాయి పోస్తాం" అని కేకలు వేస్తూ వీధుల్లో తిరిగేవాళ్లు. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ కేక ఆగిపోయింది. ఇప్పుడు చాచా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పెళ్లి వంటల పెద్ద రాగి డేగిశాలు. రాగికి, ఇత్తడికి పులుపు తగిలితే చిలుము పడుతుంది, వంట విషమవుతుంది. మధ్యలో తగరపు పొర ఉండాలి. ఆ పొర అరిగినప్పుడల్లా మళ్లీ పోయాలి.

నేను వెళ్లేసరికి ఒక డేగిశా మూత ఇసుకతో రుద్దించి పక్కన పెట్టారు. నేలలో చిన్న గుంట, అందులో బొగ్గులు, పక్కన తోలు తిత్తి. కొలిమికి గాలి ఊదే చిన్న యంత్రాలు ఇప్పుడు సులువుగా దొరుకుతాయి, చాచా మాత్రం తిత్తే వాడతారు. ఎందుకని అడిగాను. "బేటీ, మిషను ఒకేలా ఊదుతుంది. నిప్పుకు ఎప్పుడు ఎంత కావాలో దానికి ఏం తెలుస్తుంది?" అన్నారు. కుడిచేతిలో పట్టకారు, ఎడమచేతితో తిత్తి. మూతను నిప్పు మీద తిప్పుతూ తిప్పుతూ, అది ఎంత వేడెక్కిందో రంగు చూసి తెలుసుకుంటారు. తగరం కరగడానికి 232 డిగ్రీలు చాలు. రాగి ఎర్రబడే దాకా ఆగితే పని చెడిపోయినట్టే. చాచాకు థర్మామీటరు లేదు, ఏభై ఏళ్ల చూపు ఉంది.

వేడి సరిపోయిందనగానే చిటికెడు నవసాగరం (అమోనియం క్లోరైడ్) చల్లారు. భుస్సుమని తెల్లటి పొగ లేచింది. గొంతులో ఘాటు, కళ్లలో నీళ్లు. ఆ పొగలో చాచా కనబడలేదు, చెయ్యి ఒక్కటే కనబడింది. ఆ చెయ్యి తగరపు కడ్డీని మూతకు అలా తాకించి తీసింది. వెండి చుక్క ఒకటి జారింది. వెంటనే దూది ఉండతో గుండ్రంగా ఒక్క తుడుపు. మసిబారిన రాగి మీద వెలుగు పరుచుకుంటూ పోయింది. ఎర్రగా ఉన్నచోటల్లా తెల్లబడుతోంది, దూది వెళ్లినంత మేరా వెళ్తోంది, అంచు దగ్గర ఒక క్షణం ఆగి, చాచా మణికట్టు తిప్పగానే అక్కడికీ పాకింది. అంతా కలిపి మూడు నాలుగు ఊపిరుల పని. నేను కెమెరా కంటికి ఆనించుకుని ఉండి కూడా నొక్కడం మరిచిపోయాను.

"ఇంకో మూత ఉందా చాచా?" అని అడిగాను. ఇంకా మూడు ఉన్నాయన్నారు.

రెండో మూతకు పొగ మాత్రమే పడింది. మూడోదానికి చాచా ముఖం పొగ వెనక మసకగా వచ్చింది, బాగుంది, కానీ నేను చూసింది అది కాదు. తుడుపు పూర్తయిన క్షణంలో ఆయన మూతను పైకెత్తి వాలుగా పట్టుకుని లోపల ఎక్కడైనా రాగి మిగిలిందేమోనని చూసుకుంటారు. అప్పుడు కొత్త తగరంలో ఆయన ముఖం ఆయనకే కనబడుతుంది. ఆ చూపు కావాలి నాకు. నాలుగో మూత సమయానికి ఆయన వెనకకు, కుడి భుజం పక్కకు జరిగాను. ప్రతిబింబాన్ని తీసేటప్పుడు ఫోకస్ లోహం మీద పెడితే గీతలు కనబడతాయి, మనిషి కనబడడు. లోపలి ముఖం మీదే పెట్టాలి. పెట్టి, ఊపిరి బిగబట్టి, మూత లేచే దాకా ఆగాను. తెల్ల గడ్డం, చెమట, కొంచెం చిట్లించిన కళ్లు, చుట్టూ దూది తిరిగిన గుర్తులు వలయాలుగా. ఆ ఒక్క ఫోటో వచ్చింది. చాచా చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత మూత అంచు మీద వేలు పెట్టి, "ఇక్కడ కొంచెం పలచబడింది" అని, ఫోటోలో చూపించి, మూత మళ్లీ నిప్పు మీదికి ఎక్కించారు.

పనిముట్టే లేని పనివాళ్లు కూడా ఉన్నారు. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం జొన్నగిరి చేలలో తొలకరి తర్వాత వజ్రాలు వెతికేవాళ్లు. వాన మట్టిని కడిగి రాళ్లను పైకి తెస్తుంది. ఆ నాలుగు వారాలు చుట్టుపక్కల జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా కుటుంబాలు వస్తాయి. అన్నం మూట, నీళ్ల సీసా, అంతే. రైతు విత్తనం వేసేలోపే వెతుక్కోవాలి, వేశాక చేలోకి అడుగు పెట్టనివ్వరు.

గుత్తి నుంచి పత్తికొండ వైపు వెళ్తూ దారిలో ఎర్రగుడి దగ్గర ఆగాను. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అందులో ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, సాలు చివర ఎద్దులను తిప్పి మళ్లీ దున్నుకుంటూ వచ్చినట్టు. గంట తర్వాత జొన్నగిరి చేను గట్టు మీద నిలబడి చూస్తే మనుషులు సరిగ్గా అలాగే నడుస్తున్నారు. నడుము వంచి, ఒక చివరి నుంచి ఇంకో చివరికి, అక్కడ ఒక అడుగు పక్కకు వేసి మళ్లీ వెనక్కి. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఎవరూ తల ఎత్తడం లేదు.

వాళ్లకూ నాకూ వెలుగు విషయంలో పొత్తు కుదరదు. వాళ్లకు ఏటవాలుగా పడే గట్టి ఎండ కావాలి, అప్పుడే మట్టిలో చిన్న మెరుపైనా కంటికి తగులుతుంది. నాకు మబ్బు కావాలి. ఆ ఎండలో తీస్తే కనుబొమల కింద నల్లటి గుంటలు తప్ప కళ్లు కనబడవు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా ఒక్క మంచి ఫోటో రాలేదు. పదకొండున్నరకు పెద్ద మబ్బు ఒకటి వచ్చి కమ్మింది. చేనంతా ఒక్కసారిగా నడుములు నిటారయ్యాయి. మెరుపు కనబడని వేళ వెతికి లాభం లేదని అందరూ గట్టుకు చేరారు. వాళ్ల విశ్రాంతి వేళే నా పని వేళ అని అప్పుడు తెలిసింది.

ఒక అవ్వ పక్కన కూర్చున్నాను. పదహారేళ్లుగా వస్తోందట. ఆమె చేతిలో అడగడానికి ఏ పనిముట్టూ లేదు. కాసేపు ఏం అడగాలో తోచలేదు. కొంగు చివర ముడి కనబడింది. "అందులో ఏముంది అవ్వా?" అన్నాను. విప్పింది. ఏడు రాళ్లు, గోరంత, శనగగింజంత, ఒకటి వేరుశనగ పప్పంత. "ఇవేవీ వజ్రాలు కావు తల్లీ. పలుగురాళ్లు" అంది. మరి ఎందుకు దాచుకున్నావని అడిగితే, ఒక్కొక్కటీ నా అరచేతిలో పెడుతూ అది ఏ చేను, ఏ ఏడు, అది కంటికి తగిలినప్పుడు గుండె ఎంత కొట్టుకుందో చెప్పుకుంటూ వచ్చింది. వేరుశనగ పప్పంత రాయి దగ్గరికి వచ్చేసరికి చెప్పడం ఆపి నవ్వింది. దాన్ని వ్యాపారి దగ్గరికి తీసుకెళ్లే దారిలో కూతురికి మనసులోనే ఇల్లు కట్టేసిందట. ఇద్దరు పిల్లలు అటూ ఇటూ కంబళి పట్టుకుంటే, అరచేయి నిండా పలుగురాళ్లతో ఆమెను తీశాను. వాటికి మెరుపు ఉంది. ఎవరూ కొనరు గాని ఉంది. మబ్బు తొలగగానే ముడి వేసుకుని, ఇంకో మాట లేకుండా చేలోకి దిగిపోయింది.

నిమ్మలకుంటకు మాత్రం కంబళి అవసరం రాలేదు. ధర్మవరం దగ్గరి ఆ ఊరు తోలుబొమ్మలకు పేరు పడింది. 2020 పద్మశ్రీ పురస్కార గ్రహీత దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. నేను తీసింది పురస్కారాలేవీ లేని ఒక అక్కను. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది మరాఠీకి దగ్గరైన తమ భాష, తెర వెనక పాడేది తెలుగు. ఆటలో సీత గొంతు, మండోదరి గొంతు తనవే. ఇప్పుడు ఆటలు తగ్గాయి. మేకతోలు మీద దీపాల గొట్టాలు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముతున్నారు.

తోలు బొమ్మగా మారడానికి ముందు వెంట్రుకలు పోవాలి, గీకాలి, బిగించి ఆరబెట్టాలి, అవతలి వెలుగు ఇవతలికి వచ్చేంత పలచబడాలి. రంగు రెండువైపులా వేస్తారు. నగలన్నీ చిల్లులే. వడ్డాణం, కంఠహారం, కిరీటం, అన్నీ వెలుగు దూరే కన్నాలు. ఆమె ఉలులను అవి కొట్టే చిల్లు ఆకారాన్ని బట్టి పిలుస్తుంది. ఒకటి చుక్క, ఒకటి నెలవంక, ఒకటి వడ్లగింజ. వాటిని వరసగా చెబుతూ ఒక్కొక్కదాన్నీ చెక్క మీద తట్టి చూపించింది. మూడింటికీ మూడు రకాల చప్పుడు.

సాయంత్రం కరెంటు బల్బు ముందు సీత బొమ్మను వేలాడదీయమన్నాను. గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పేశాం. బొమ్మలోంచి వడిసి వచ్చిన వెలుగే ఆమె ముఖం మీద పడింది. చెంప మీద ఎర్రటి మరక, నుదుటి మీద పచ్చటి మరక, మెడ మీద చిన్న చిన్న చుక్కల హారం. ఆమె పాడడం మొదలుపెట్టింది. అశోకవనంలో సీత మాటలు. బొమ్మ చెయ్యి కదిలినప్పుడల్లా ఆమె గొంతు మీద ఆ హారం కదిలింది. అంత చీకట్లో షట్టరు వేగం తగ్గించక తప్పదు, చేతులు వణకకూడదు. గోడకు ఆనుకుని తీశాను.

ఫోటో ఫోన్లో చూసిన ఆమె కొడుకు బెంగళూరు నుంచి మాట్లాడాడు. బాగుందన్నాడు. "మా అమ్మను కొంచెం తెల్లగా చేయండి అక్కా, ముడతలు తీసేయండి" అన్నాడు. ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. మా స్టూడియోలో రోజుకు పదిమంది అదే అడుగుతారు. పెళ్లి ఫోటోల్లో పెళ్లికూతుళ్లు గుర్తుపట్టలేనంత తెల్లబడిపోతున్నారు, అందులో నా చేయీ ఉంది. అయితే కంబళి ముందు తీసిన ఒక్క ఫోటోలోనూ నేను రంగు మార్చలేదు, మార్చను. ఎండలో ముప్ఫై ఏళ్లు పని చేస్తే వచ్చిన రంగు అది, దాన్ని తుడిచేస్తే ఆ ముప్ఫై ఏళ్లను తుడిచినట్టే. ఇదంతా ఆ అబ్బాయికి ఎలా చెప్పాలా అని చూస్తుంటే అక్క ఫోను అందుకుని ఒక్క మాట అంది. "బొమ్మకు వేస్తాం రా రంగు. మనిషికి ఎందుకు?"

ప్రతి ఒక్కరికీ అచ్చు వేసిన ఫోటో ఇస్తాను. ఇది నాకు నేను పెట్టుకున్న నియమం. ఫోన్లో పంపేసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. పెద్ద సైజులో అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, తీసుకెళ్లి చేతిలో పెడతాను. రెండోసారి వెళ్లినప్పుడే చాలా సంగతులు తెలుస్తాయి. మొదటిసారి నేను ఫోటోలు తీసే మనిషిని, రెండోసారి ఇంటికి వచ్చిన మనిషిని.

కూడేరు మండలంలో ఒక చిన్న పల్లెలో ఒక పెద్దాయన ఉన్నారు. నాలుగెకరాల వేరుశనగ రైతు. నలభై ఏళ్లుగా తన వాకిట్లో పడిన ప్రతి వాననూ రాసి పెడుతున్నారు. ఎవరూ రాయమనలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే జిల్లా మాది. అది కూడా సరిగ్గా ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుంది. అలాంటి చోట వాన లెక్క రాయడమంటే చాలా రోజులు "లేదు" అని రాయడమే. ఎర్ర అట్టల చిఠ్ఠా పుస్తకాలు తొమ్మిది చూపించారు. ప్రతి రోజుకూ ఒక పంక్తి. తేదీ, కార్తె, మిల్లీమీటర్లు, పక్కన పదును. మిల్లీమీటర్లు సర్కారు లెక్క అట, పదును నేల లెక్క. వేలు గుచ్చితే తడి ఎంత లోతున తగిలిందో అది. ఒక్కో వాన 20 మిల్లీమీటర్లు పడినా పదును కాదు, దబదబా కురిసి వాగులోకి వెళ్లిపోతుంది. ఒక్కోటి 12 పడినా పదునే. వాతావరణ శాఖ కనీసం 2.5 మిల్లీమీటర్లు పడితేనే వాన రోజుగా లెక్కపెడుతుంది. ఈయన పుస్తకంలో "తుంపర, దుమ్ము అణిగింది" అనే రోజులు కూడా ఉన్నాయి.

వాకిట్లో చెట్టు నీడ పడని చోట రాతి పీట మీద నిలువు గోడల రేకు డబ్బా ఒకటి. పక్కన బడిపిల్లల స్టీలు స్కేలు. అలవాటు ప్రకారం అడిగాను. "దీన్ని ఏమంటారు పెద్దాయనా?"

ఆయన వెంటనే చెప్పలేదు. డబ్బాను చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "నేనేమీ పేరు పెట్టలేదమ్మా" అన్నారు. కాసేపాగి, "మా ఇంటామె వాన మానిక అనేది. గింజలు కొలిచే మానిక ఉంటుంది చూడు, అట్లా. వాన పడ్డ పొద్దున నేను లేచేలోపే పోయి చూసి, మానికలో ఇంత ఉంది అని చెప్పేది" అన్నారు. డబ్బాను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని చెప్పారు. అప్పుడు తీశాను. బయలుదేరేటప్పుడు చూస్తే ఆనాటి పంక్తి రాస్తున్నారు. ఆరుద్ర కార్తె. వాన లేదు. అనంతపురం నుంచి అమ్మాయి వచ్చి ఫోటో తీసింది.

ఫ్రేము కట్టిన ఫోటో తీసుకుని మళ్లీ వెళ్లేసరికి పుబ్బ కార్తె వచ్చింది. తెల్లవారుజామున కూడేరు దాటుతుండగా వాన అందుకుంది. ఫ్రేమును కంబళిలో చుట్టి, ఒక మూసేసిన అంగడి పంచన గంటసేపు నిలబడ్డాను. కొత్త కంబళి కాకపోయినా నీళ్లు లోపలికి దిగలేదు, గంజి పట్టించిన ఉన్ని కదా. వెలిశాక వెళ్తే పెద్దాయన వాకిట్లోనే ఉన్నారు, కాళ్లకు బురద. ఫోటో సంగతి చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"తర్వాత చూద్దాంలే అమ్మా. ఎండ వస్తే నీళ్లు ఇగిరిపోతాయి. నాకు చూపు ఆనడం లేదు, నువ్వు చదువు."

రాతి పీట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, స్కేలును డబ్బాలోకి నిలువుగా దింపి, తడి గీత కంటికి సమానంగా వచ్చేలా వంగి చూశాను.

"22" అన్నాను.

ఆయన చేను గట్టు మీద వంగి, వేలు మట్టిలోకి గుచ్చారు. రెండు కణుపుల దాకా దిగింది. తీసి చూసుకుని, పంచెకు తుడుచుకుని, పుస్తకం తెరిచారు.